అడక్కుండా పెట్టే కంచం

ఉప్పాడలో తలుపులమ్మలకు కొదవ లేదు. తుని దగ్గర లోవలో తలుపులమ్మ తల్లికి మొక్కుకుని కన్నవాళ్ళందరూ ఆడపిల్లకు ఆ పేరే పెట్టుకుంటారు. ఈ తలుపులమ్మను గుర్తుపట్టడానికి మాత్రం గొంతు చాలు. గంప నెత్తిన పెట్టుకుని పిఠాపురం వీధి మొదట్లో "చేపలమ్మా... చేపలూ" అని కేక వేసిందంటే, వీధి చివరింటావిడ గిన్నె కడుక్కుని గుమ్మంలోకి వచ్చేది. ఇప్పుడు గంప లేదు. మోకాళ్ళు అరిగాయి. ఒంట్లో షుగరు చేరింది. పుట్టి పెరిగిన వీధిని సముద్రం పట్టుకుపోయాక, దూరంగా పొలాల పక్కన కట్టిన కాలనీలో రెండు గదుల ఇల్లు దక్కింది. గొంతు మాత్రం అలాగే ఉంది. దాన్నిప్పుడు మొగుడు సత్తియ్య మీద వాడుతోంది.

సత్తియ్య పాపం మంచివాడు. వేట మానేసి, ఇరుగుపొరుగు వాళ్ళ వలలు బాగుచేస్తూ అరుగు మీదే కాలక్షేపం చేస్తాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒక ఇంట్లోనే ఉంటారు గానీ ఒక్కసారి కూడా కలిసి తినరు. పడవ మీద బతికినవాడికి ఆకలి వేళకు వెయ్యదు. పొద్దు పొడవకుండానే చద్దన్నం తినేసి, మళ్ళీ పొద్దు వాలాక కంచం అడుగుతాడు. మధ్యాహ్నం పూట తలుపులమ్మ ఒక్కర్తే వంటింటి గుమ్మంలో గోడకేసి తిరిగి కూర్చుని, నాలుగు ముద్దలు మింగి లేచిపోతుంది. ఎవరైనా "ఏంటి ఇలా చిక్కిపోయావు?" అంటే డాక్టరుగారు అన్నం తగ్గించమన్నారని చెబుతుంది. డాక్టరుగారు చెప్పిన మాట నిజమే. కానీ ఆయన చెప్పకముందే, చాలా ముందే, ఆవిడ తిండి తగ్గిపోయింది.

ఆ వేసవిలో వేట నిషేధం నడుస్తుండగా, ఆశా కార్యకర్త లక్ష్మి ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని కాలనీకి వచ్చింది. పేరు శ్రీదివ్య. భీమవరంలో కిరాణా కొట్టు నడిపే జోగేశ్వరరావుగారి కూతురు. విశాఖపట్నంలో సైకాలజీ చదువుతోంది. మనిషి ఆకలేసి తింటున్నాడా, దిగులేసి తింటున్నాడా, కళ్ళెదురుగా కనిపించింది కదాని తింటున్నాడా అని తేల్చే ప్రశ్నలు కొన్ని ఉన్నాయట. ఎక్కడో ఇంగ్లీషులో పుట్టాయి. వాటిని తెలుగువాళ్ళకు సరిపోయేలా తయారుచెయ్యడం ఈ అమ్మాయి పని. మాటకు మాట దించేస్తే కుదరదు. ఒక్కో ప్రశ్నా జనానికి చదివి వినిపించాలి, దాని భావం వాళ్ళకేం తోచిందో వాళ్ళ మాటల్లోనే చెప్పించుకోవాలి. చైనావాళ్ళ కోసం ఇలాగే చేసినవాళ్ళు రాసిన వ్యాసం ఒకటి గైడుగారు ఆమె చేతిలో పెట్టి, "ఈ దారిన వెళ్ళు" అన్నారు.

ఆ వ్యాసంలో గోదావరి జిల్లాల సంగతి లేదు. ఈ జిల్లాల్లో తిండి గురించి అడిగిన మనిషిని తినకుండా పంపరు. "పొద్దున్న ఏం తిన్నారండీ?" అని శ్రీదివ్య అడగడం, "ఏం తింటే ఏముందమ్మా, ముందు నువ్వు కూర్చో" అని ఆకు వెయ్యడం. పైగా ఆ పిల్ల చేపలు తినదు. ఆ మాట వినగానే కాలనీ కాలనీ అంతా జాలిపడిపోయింది. ఒకరు పెరుగు కోసం పరిగెత్తారు, ఒకరు పప్పు పొయ్యి మీద పెట్టారు, ఒకరింట్లో ఆవకాయ, ఇంకొకరింట్లో అరటిపళ్ళు. తలుపులమ్మ గుమ్మం దగ్గరకు వచ్చేసరికి ఆ అమ్మాయికి ఊపిరి ఆడటం లేదు.

"మామ్మగారూ, దణ్ణం పెడతాను. నాకేమీ పెట్టకండి" అంది గుమ్మంలోనే.

"మజ్జిగ తిండి కిందకి రాదండి అమ్మాయిగారు" అంటూ తలుపులమ్మ గ్లాసు చేతికిచ్చింది. కూర్చున్నాక మెల్లగా అడిగింది. "ఇవే ప్రశ్నలు చైనావోళ్ళని కూడా అడిగారంట కదండీ. లక్ష్మి చెప్పింది. వాళ్ళూ అన్నం తింటారా?"

"తింటారండి. చేపలు కూడా."

"అయితే మనోళ్ళేనండి."

శ్రీదివ్య నవ్వింది. "ఇంకోటి చెప్పనా? అక్కడ కూడా ఎదురుపడితే 'తిన్నారా' అని పలకరించడం అలవాటేనటండి. మనలాగే."

"దారిన పోయేవోళ్ళనైతే అడుగుతారులెండి. ఇంట్లో మనిషిని కూడా అడుగుతారా, తింటావా అని?"

"అదైతే తెలీదండి. ఏం, మనం అడగమా?"

"ఇంట్లో మనిషిని ఎవరన్నా అడుగుతారా అమ్మాయిగారు? కంచం పెడతారు గాని."

ఆ మాట అన్న మనిషి గొంతు ఎందుకు తగ్గిందో శ్రీదివ్యకు తెలియదు. ఆమె ప్రశ్నల్లోకి దిగింది. మనసు బాగోలేనప్పుడు ఎక్కువ తింటారా అంటే, "మనసు బాగోకపోతే ముద్ద దిగదు కదండీ" అంది తలుపులమ్మ. పక్కవాళ్ళు తింటుంటే మీకూ తినాలనిపిస్తుందా అంటే, "అనిపించకపోతే జబ్బు చేసినట్టే" అంది. అరుగు మీదున్న సత్తియ్య కిసుక్కున నవ్వాడు. అన్నిటికీ ఠకీఠకీమని జవాబులు చెప్పిన మనిషి ఒక్కచోట ఆగింది.

"ఒంటరిగా ఉన్నప్పుడు తినడంలో ఏమైనా తేడా ఉంటుందాండీ?"

తలుపులమ్మ పమిట చెంగుతో మొహం తుడుచుకుంది. "నేను ఎప్పుడూ ఒక్కదాన్నే తిననండి" అంది.

సత్తియ్య తల తిప్పి చూశాడు. ఏమీ అనలేదు. అందుకే అతణ్ణి మంచివాడన్నది.

ఆ అబద్ధం ఒకప్పుడు నిజమే. నూకరత్నం ఉన్న రోజుల్లో నిజం.

ఇద్దరిదీ ఒకే వీధి. పక్కపక్క గుమ్మాలు. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు, చుట్టరికం వెతికితే దొరకదు. కోడి కూయకముందే తీరానికి వెళ్ళి, పడవల దగ్గర బేరమాడి గంపలు నింపుకుని, మొదటి బస్సు ఎక్కేవారు. నీళ్ళు కారుతున్నాయని కండక్టరు తిట్టేవాడు. నూకరత్నం అతనికి రెండు రొయ్యలు ఆకులో చుట్టి ఇచ్చేది, తలుపులమ్మ అతన్ని తిరిగి తిట్టేది. ఈ రెండింట్లో ఏది పనిచేసేదో తెలియదు గానీ, బస్సులోంచి ఎప్పుడూ దింపెయ్యలేదు. పిఠాపురంలో చెరో వీధి పట్టుకునేవారు. తలుపులమ్మది గొంతు, నూకరత్నానిది జ్ఞాపకం. ఏ ఇంట్లో శనివారం నీచు ముట్టరో, ఏ ఇంటి కోడలు నీళ్ళోసుకుందో, ఏ ముసలాయనకు ముల్లు గుచ్చుకుని భయం పట్టిందో నూకరత్నం మరిచిపోయేది కాదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గంపలు ఖాళీ అయ్యేవి. మార్కెట్టు వెనక మూసేసిన బియ్యం మిల్లు అరుగు ఒకటి ఉండేది. అక్కడ కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని, చీర కుచ్చిళ్ళు పిండుకుని కూర్చునేవారు. వెడల్పాటి సత్తు పళ్ళెం ఒకటి నూకరత్నం తెచ్చేది. రెండు బాక్సుల్లోని అన్నం అందులోనే బోర్లించి, కూరలు పైన వేసి, రెండు వైపుల నుంచి కలుపుకుంటూ వచ్చేవారు. వేసవిలో మామిడికాయ వేసిన ఎండురొయ్యల కూర నూకరత్నం వండితేనే వండినట్టు. దింపేముందు వెల్లుల్లి చితక్కొట్టి వేసి వెంటనే మూత పెట్టేస్తుంది. మూత తీయగానే మిల్లు అరుగంతా ఆ వాసన. తినేటప్పుడు రొయ్యలన్నీ చూపుడువేలుతో తలుపులమ్మ వైపుకు నెట్టేది. "నువ్వు తినవేంటే?" అంటే, "నాకు మామిడి ముక్కలే ఇష్టం" అనేది. అన్నేళ్ళూ అది నిజమనే నమ్మింది తలుపులమ్మ. ఆ అరుగు మీద తిన్న అన్నం రుచి ఆవిడకు ఏ పెళ్ళిలోనూ మళ్ళీ దొరకలేదు. అంత ఎండలో, అంత అలసటలో, ఒంటి నిండా చేపల వాసనతో అంత సుఖంగా ఎలా ఉన్నామా అని ఇప్పుడు ఆశ్చర్యపోతుంది.

సముద్రం మొదట మింగింది నూకరత్నం ఇంటినే. వెనక గోడ కూలిన రోజునే తలుపులమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని తన ఇంటికి తెచ్చుకుంది. "నా ఇల్లు ఉన్నన్నాళ్ళూ నీ ఇల్లే వదినా" అంది. మనస్ఫూర్తిగానే అంది. మొగుడు ముందే పోయి, పిల్లలు లేని నూకరత్నం ఆ ఇంట్లో పొయ్యి ఊదింది, చీపురు పట్టింది, సత్తియ్యకు దగ్గొస్తే మిరియాల కషాయం కాచింది. ఎవరూ ఆమెను పరాయి మనిషి అనుకోలేదు.

ఒకరోజు చెప్పాపెట్టకుండా సత్తియ్య అక్క కుటుంబం దిగింది. వండిన అన్నం ఇంతమందికి చాలదని తలుపులమ్మకు తెలిసిపోయింది. ఇంకో ఎసరు పెడదామంటే డబ్బాలో బియ్యం లేవు. అందరినీ వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తోంది. గుమ్మంలో కూర్చుని చింతపండు పిసుకుతోంది నూకరత్నం. గరిట పట్టుకుని, గిన్నె అడుగు చూస్తూ, ఆడపడుచు ముందు మాట పడకూడదన్న కంగారులో తలుపులమ్మ నోట్లోంచి వచ్చేసింది. "నువ్వూ తింటావా వదినా?"

అంతే. పెద్ద మాటేం కాదు. ఇంకో ఊళ్ళో అయితే మర్యాద కూడా. నూకరత్నం చెయ్యి ఆగింది. "నేను తినేశానులే" అంది. పొద్దున్నుంచి ఆమె మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని ఇద్దరికీ తెలుసు. చుట్టాలు వెళ్ళిన సాయంత్రమే మూట కట్టుకుని, కోనపాపపేటలో తమ్ముడున్నాడని వెళ్ళిపోయింది. పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే బావుండేది. తలుపులమ్మకు పోట్లాటలు సర్దుకోవడం తెలుసు, దీన్ని ఎలా సర్దాలో తెలియలేదు. తరవాతి ఏడు ఆ ఇల్లూ సముద్రంలో కలిసిపోయింది. 'నీ ఇల్లే' అన్న మాట నిలబెట్టుకుందామన్నా ఇల్లు లేకపోయింది.

శ్రీదివ్య లేచి వెళ్ళబోతుంటే తలుపులమ్మ గుమ్మం దాకా వచ్చింది. "రేపెటు వెళ్తారండి?"

"కోనపాపపేటండి."

"అక్కడ నూకరత్నం అని ఒకావిడ ఉంటుంది. దాన్ని కూడా అడగండి, బాగా చెబుతుంది." ఆగి, "నేను పంపానని మాత్రం అనకండి" అంది.

మరునాడు పొద్దెక్కాక శ్రీదివ్య మళ్ళీ కాలనీకి వచ్చింది. ఒకటి రెండు ప్రశ్నలు సరిచూసుకోవాలట. తలుపులమ్మ ఆ పిల్లను కూర్చోనివ్వకుండానే అడిగింది.

"కనపడిందాండీ? బాగుందా? ఏం చెప్పింది?"

"బాగున్నారండి. ఏం చెప్పారో మాత్రం నేను చెప్పకూడదు మామ్మగారూ. మీరు చెప్పింది వాళ్ళకీ చెప్పకూడదు, వాళ్ళు చెప్పింది మీకూ చెప్పకూడదు."

"అదేం చదువండీ" అని తలుపులమ్మ విసుక్కుంది.

శ్రీదివ్య సంచిలోంచి ఒక స్టీలు బాక్సు తీసి మొహమాటంగా ముందు పెట్టింది. "మీరు పంపారని అనలేదండి. ఇక్కణ్ణించి ఎక్కడికి వెళ్తారని ఆవిడే అడిగితే, కాలనీలో తలుపులమ్మగారింటికని చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా లోపలికెళ్ళి, ఇదిచ్చి దారిలో తినమన్నారు. నేను చేపలు, రొయ్యలు తిననని ముందే చెప్పానండి. వాళ్ళింట్లో పెరుగన్నం కూడా తిన్నాను. పెద్దావిడ కదా, మరిచిపోయినట్టున్నారు. పారెయ్యడానికి మనసొప్పడం లేదు. మీరేమైనా తింటారా?"

తలుపులమ్మ బాక్సు వంక చూసింది. పిఠాపురం గిన్నెల కొట్లో ఇద్దరూ కలిసి కొన్న బాక్సు. మూత అంచున చిన్న సొట్ట. బస్సులో కింద పడి పడ్డ సొట్ట. మూత తీసింది. వెల్లుల్లి వాసన, మామిడికాయ పులుపు, ఎండురొయ్యలు. ఒక్క క్షణం ఆవిడ కాలనీలో లేదు.

నూకరత్నం మరిచిపోయిందట! పిఠాపురంలో ఏ ఇంట్లో ఎవరు ఏ రోజు నీచు తినరో తెలిసిన మనిషి, పొద్దున్న చెప్పిన మాట మరిచిపోయిందట. తలుపులమ్మకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. కూర ఎవరి కోసం బాక్సులో సర్దిందో, ఎవరింటికి చేరాలని ఇచ్చిందో ఆ చదువుకున్న పిల్లకు ఎందుకు తెలియాలి? తెలియకపోవడమే మంచిదయింది. తెలిస్తే మొహమాటపడి తెచ్చేది కాదేమో.

ఆ మధ్యాహ్నం ఆవిడ గోడకేసి తిరగలేదు. అరుగు మీదే, సత్తియ్య పక్కన కూర్చుని, కూరంతా ఊడ్చి తింది. రొయ్యలే ఎక్కువున్నాయి, మామిడి ముక్కలు తక్కువ.

"డాక్టరు తగ్గించమన్నాడన్నావ్?" అన్నాడు సత్తియ్య.

"వల చూసుకో నువ్వు" అంది.

శ్రీదివ్య వెళ్ళబోతూ, "బాక్సు ఇవ్వండి మామ్మగారూ, ఎల్లుండి అటు వెళ్తాను, ఇచ్చేస్తాను" అంది.

"మీకెందుకండీ శ్రమ? నేనే ఇస్తాను." మాట జారిపోయింది, ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. పెట్టి పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. అది ఆవిడ వాళ్ళమ్మ నేర్పిన మర్యాద, నూకరత్నం వాళ్ళమ్మ కూడా నేర్పే ఉంటుంది. సాయంత్రం వెళ్ళి చింతచిగురు కోసుకొచ్చింది. పొద్దున్నే వేలెడేసి ఎండుమెత్తళ్ళ చేపలు వేయించి, చిగురు నలిపి వేసి, కూర వండి బాక్సు నింపింది. సత్తియ్య రుచి చూస్తానంటే చెయ్యి మీద కొట్టింది.

ఆటో బీచి రోడ్డు మీదుగా వెళ్ళింది. రోడ్డుకు రక్షణగా పోసిన రాళ్ళ మీద అలలు విరిగి పడుతున్నాయి. తమ వీధి ఉన్నచోటు దాటుతుంటే తలుపులమ్మ అలవాటుగా అటు చూసింది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. పక్కపక్క గుమ్మాలు, మధ్యలో పిట్టగోడ, దాని మీంచి గిన్నెలు అందుకోవడం. ఆ గోడ మీంచి ఎన్ని కూరలు అటూ ఇటూ వెళ్ళాయో! ఒక్కరోజు కూడా తింటావా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. అడిగిన ఆ ఒక్కసారే ఇంత దూరం వచ్చింది.

దారంతా ఆవిడకు ఒకటే భయం. నూకరత్నం తిడుతుందని కాదు. "రా వదినా, కూర్చో, తిన్నావా?" అంటుందేమోనని. దారిన వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు నవ్వుతూ అడిగిందంటే అయిపోయినట్టే. అప్పుడు తలుపులమ్మ "తినేశానులే" అనాలి, మంచినీళ్ళు తాగాలి, బాక్సు ఇచ్చేసి ఆటో ఎక్కాలి. ఆ మాటకు ఆ జవాబే తప్ప వేరే లేదని ఆవిడకు తెలుసు. ఆ జవాబు నూకరత్నం ముందే చెప్పి ఉంది.

కోనపాపపేటలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. నూకరత్నం ఇంటి ముందు చావడిలో కూర్చుని ఎండుచేపల్లోంచి పుల్లలు ఏరుతోంది. జుట్టంతా నెరిసింది. తలెత్తి చూసింది. చేతిలోని పుల్ల కింద పడేసింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తలుపులమ్మ ఎండలోనే నిలబడింది. లోపల గిన్నెల చప్పుడు. మంచినీళ్ళ చెంబు తెస్తోందేమో. తెచ్చి అడుగుతుందేమో. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అనిపించింది. అంత గొంతున్న మనిషికి 'వదినా' అన్న పిలుపు పెగలలేదు.

నూకరత్నం బయటకు వచ్చింది. చేతిలో చెంబు లేదు. సత్తు పళ్ళెం. మిల్లు అరుగు మీది పళ్ళెమే, అంచులు నల్లబడ్డాయి. నిండా అన్నం పొగలు కక్కుతోంది. దాన్ని చావడి మధ్యలో పెట్టి, ఒక వైపున తను కూర్చుంది. తలుపులమ్మ చేతిలోంచి బాక్సు లాక్కుని, మూత తీసి, కూర అన్నం మీద బోర్లించి, వేలితో రుచి చూసింది.

"చిగురు ముదిరిపోయింది. కళ్ళు కనపడ్డం లేదా నీకు?" అంది.

తలుపులమ్మ రెండో వైపున కూలబడింది. కళ్ళనీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. "ఆ రోజు నేను... గిన్నెలో అన్నం లేదే వదినా..."

"తెలుసు. అడుగు గీరిన చప్పుడు నాకూ వినపడింది" అంది నూకరత్నం. "అయినా బాధేసింది." మెత్తళ్ళన్నీ చూపుడువేలుతో తలుపులమ్మ వైపుకు నెట్టింది. "ముందు చెయ్యి కలుపు."

ఇద్దరూ రెండు వైపుల నుంచి కలుపుకుంటూ వచ్చారు. పళ్ళెం సగమయ్యాక తలుపులమ్మ అడిగింది.

"ఆ అమ్మాయి నిన్నేం అడిగిందే? ఒక్కదానివే ఉన్నప్పుడు ఎలా తింటావని అడిగిందా?"

"అడిగింది."

"ఏం చెప్పావు?"

నూకరత్నం నోట్లో ముద్ద నమిలి మింగింది. "ఎప్పుడూ ఒక్కదాన్నే తిననని చెప్పాను."

తలుపులమ్మ చెయ్యి ఆగిపోయింది. "నేనూ అదే చెప్పాను. ఇద్దరం అబద్ధం చెప్పామే! పాపం ఆ పిల్ల చదువు పాడైపోతుంది. ఫోన్ చేసి దిద్దుకోమని చెబుదామా?"

"ఎందుకూ దిద్దడం?" అంది నూకరత్నం, పళ్ళెంలో మిగిలిన అన్నాన్ని రెండు కుప్పలు చేస్తూ. "రేపు నేనే కాలనీకి వస్తాను. ఎక్కువ బియ్యం పొయ్యి."